కౌజుపిట్టల తెర

కిసా వీధిలోకి వస్తోందంటే ఆమెకంటే ముందు ఆమె వాసన వచ్చేది. అది తోలు జిగురు వాసన. జింకతోలు ఉడకబెట్టి తీసే ఆ జిగురును చలికాలంలో ఎలాగో భరించవచ్చు. ఎండలు ముదిరాయంటే పూటకే కుళ్ళి, అటక మీద ఎలుక చచ్చినట్టు కంపు కొడుతుంది. స్నానశాలకు వెళ్ళి తవుడు సంచితో చర్మం ఊడేలా తోముకున్నా గోళ్ళ సందుల్లోంచి వదలదు. షిన్‌మచి వీధి ఆడవాళ్ళు వేణ్ణీళ్ళ తొట్టిలో ఆమెను చూడగానే కాస్త పక్కకు జరిగి, "కోహాన్ గారింట్లో పని జోరుగా సాగుతున్నట్టుందే!" అని నవ్వేవారు. క్యోటో ఆడవాళ్ళ తీరే అంత. కంపు అని నోటితో అనరు, అనకుండానూ వదలరు.

ఆ ఇంట్లో జిగురు కంపు ఎవరికి అంటిందో, పేరు ఎవరికి వచ్చిందో వీధిలో అందరికీ తెలియాల్సిన సంగతే. తెలుసుకోవాలని ఎవరికీ అనిపించలేదు.

ఆమె ఫుషిమిలో కాగితపు లాంతర్లు అతికేవాడి కూతురు. పదహారో ఏట కోహాన్ ఇంటికి పనిమనిషిగా వచ్చింది. కోహాన్ పక్షులూ పూలూ వేసే చిత్రకారుడు. గొప్పవాళ్ళలో చిన్నవాడు, చిన్నవాళ్ళలో గొప్పవాడు. పెళ్ళిళ్ళకు కావలసిన మడత తెరలు, అంటే చెక్క చట్రాలకు కాగితం అతికి, పలకకు పలక కలిపి, మెలికలుగా నిలబెట్టే తెరలు, ఆయన దగ్గర తయారయ్యేవి. కిసా పని జిగురు కాయడం, ఆలిచిప్పల పొడి నూరడం. ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ పడేసిన ఆలిచిప్పలను దంచితే వచ్చే ఆ తెల్లపొడే పూరేకులకూ, పక్షుల రొమ్ములకూ తెలుపు. అందులో జిగురు ఎక్కువైతే ఏడాది తిరక్కుండా పూరేకు పగిలి రాలిపోతుంది. తక్కువైతే పక్కనుంచి వెళ్ళేవాళ్ళ చేతికి అంటుకుని వస్తుంది. ఎంత కలపాలో చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు, వేలు ముంచి తెలుసుకోవాలి. కిసా వేలికి అది తొందరగా తెలిసింది.

తెలుపు కలిపేదానివి, ఆ పూలకు అడుగు పూత కూడా నువ్వే వెయ్యమన్నాడు కోహాన్. అడుగు పూత వేసేదానివి, పై పూత మాత్రం వెయ్యలేవా అన్నాడు. పై పూతలు వచ్చాక పెళ్ళి చేసుకున్నాడు. ఆయన మొదటి భార్య పోయి చాలా కాలమైంది. ఇలాంటి తెలుపు కలిపే చేతిని ఇంకో ఇంటికి పంపడం తెలివితక్కువ పని అని స్నేహితుల దగ్గర అన్నాడట. కిసా ఆ మాట విని సంతోషించింది. అప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్ళు, ఏ మాటకైనా సంతోషించే వయసు.

తర్వాత కోహాన్ చెయ్యి వణకడం మొదలైంది. సాకే, అంటే బియ్యపు సారా, తాగితే వణుకు ఆగేది. ఆగింది కదా అని ఇంకాస్త తాగితే మళ్ళీ మొదలయ్యేది. పక్షి ముక్కు వెయ్యడానికి వణుకు పనికిరాదు. అందుకని పక్షులు కూడా కిసాకే వచ్చాయి. మొదట రెక్కలు, తర్వాత కాళ్ళు, చివరికి కళ్ళు కూడా. కళ్ళు వెయ్యడం ఏ ఇంట్లోనైనా గురువు పని, దాన్ని శిష్యులకు కూడా వదలరు. ఆ పని కూడా ఆమెకు వదిలేశాక కోహాన్‌కు మిగిలింది ఒక్కటే, తెర అంచున కింది మూల ఎర్రటి ముద్ర వెయ్యడం. దానికి కూడా ఆమే మోచెయ్యి పట్టుకోవలసి వచ్చేది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఆ ఇంట్లో సోకుకు కూడా మోచెయ్యి ఆమెదే.

ఎదురిల్లు హిషియా వాళ్ళది. కిమోనో నడికట్లు టోకున అమ్మే పెద్ద కొట్టు. ఆ ఇంటి పెద్దావిడ రికు. కొడుకు యజమాని అని పేరుకే, కొట్లో గుమాస్తా తుమ్మాలన్నా ఆవిడ వైపు చూసేవాడు. మనవరాలి పెళ్ళికి రికు కోహాన్ చేత ఆరు పలకల సారసాల తెర వేయించింది. మంచులో నిలబడ్డ సారసాలు, వాటి వెనక ఎర్రటి చలికాలపు పూలు. ఆ చలికాలమంతా కోహాన్ నిప్పుల కుంపటి దగ్గర పడుకుని ఉన్నాడు. కిసా నేల మీద పరిచిన కాగితాల మీద అడ్డంగా చెక్కబల్ల వేసుకుని, దాని మీద బోర్లా పడుకుని, ఒక్కొక్క ఈకా వేసింది. తెర పూర్తయ్యేసరికి ఆమె నడుము వంగలేదు, వంగితే లేవలేదు.

గియోన్ పండగ వచ్చిందంటే షిన్‌మచి వీధి మొహమే మారిపోయేది. రథాలు లాగే ముందు సాయంత్రాల్లో ప్రతి ఇంటివాళ్ళూ వీధివైపు చెక్క జాలీలు తీసేసి, ఏడాదంతా పెట్టెల్లో ఉన్న తెరలు బయటికి తెచ్చి, దీపాల ముందు నిలబెట్టేవారు. ఊరు ఊరంతా విసనకర్రలు ఊపుకుంటూ ఇంటింటి ముందూ ఆగి చూసేది. ఎవరింట్లో ఏ తెర, ఎవరి చెయ్యి, పోయినేడు పెట్టింది ఈ ఏడు ఎందుకు పెట్టలేదు, అమ్ముకున్నారా, ఇవే మాటలు. హిషియా ఇంటి ముందు గుంపు ఎక్కువగా ఉండేది. కిసా కూడా వంటపని ముగించుకుని వెళ్ళి ఆ గుంపులో ఒక చివర నిలబడేది.

"కోహాన్ చెయ్యే చెయ్యి. ఆ రొమ్ము తెలుపు చూడు, చేత్తో నిమరాలనిపిస్తోంది."

"ఆయన తాగుతాడంటారు గానీ, తాగినవాడు వేసే పనేనా ఇది?"

మొదట్లో ఆ మాటలకు ఆమె లోపల్లోపల పొంగిపోయేది. నాలుగైదు పండగలు గడిచాక ఆ మాటలే చురుక్కుమనడం మొదలుపెట్టాయి. ఒక ఏడు ఇంటికి వచ్చి భర్తతో అనేసింది.

"ఏమండీ, వచ్చే పండక్కి మన వీధిగదిలో నేను వేసింది పెడదామా?"

కోహాన్ పకపకా నవ్వాడు. "ఇప్పుడు పెట్టినది మాత్రం పక్కింటివాడు వేశాడటే?"

"అలా కాదు. నా పేరుతో."

ఆయన నవ్వు ఆపాడు. "చూడు కిసా, చిత్రకారుడి ఇంటి ముందు పెళ్ళాం బొమ్మ పెడితే చేపల కొట్లో ముల్లంగి పెట్టినట్టుంటుంది. నలుగురూ ఏమంటారు? ముసలాడికి చేతకావట్లేదంటారు."

"చేతకావట్లేదు కదండీ."

"అది మన గుట్టు. వీధిలో పెట్టడానికి వేరే తెరలున్నాయి."

ఆమె అలిగింది. ఆయన బతిమాలాడు. సరే, వచ్చే ఏడు నీదే పెడదాం అన్నాడు. వచ్చే ఏడు ఆమె కామెల్లియా పూల మధ్య అరిచే పిట్టల్ని వేసి సిద్ధంగా ఉంచింది. పండగ ఇంకా వారం ఉందనగా ఓడరేవు నుంచి ఎవరో వ్యాపారి వచ్చి అది చూశాడు. కిసా బజారు నుంచి వచ్చేసరికి దాని మీద కోహాన్ ఎర్ర ముద్ర ఆరుతోంది. ఆ రోజు ముద్ర ఎవరి సాయమూ లేకుండానే నిటారుగా పడింది. మరుసటి ఏడు కూడా ఇలాగే ఇంకొకటి పోయింది. ఆ పైయేడు వాన అన్నాడు, ఆ తర్వాత జలుబు అన్నాడు.

అప్పుడు కిసాకు ఒక సంగతి తట్టింది. ఎవరైనా కొనే బొమ్మ వేస్తే ఆయన ముద్ర పడుతుంది. కాబట్టి ఎవరూ కొనని పిట్టను వెయ్యాలి. కౌజుపిట్టల్ని వేద్దామనుకుంది.

"కాల్చుకుని తినే పిట్టని తెర మీదికి ఎక్కిస్తావటే?" అన్నాడు కోహాన్ చిత్తుబొమ్మ చూసి. "చూసినవాళ్ళకి ఆకలేస్తుంది."

"వెయ్యనివ్వండి."

"పక్కన ఆ పువ్వేమిటి? తాగుబోతు మందారమా?"

"అవును. పొద్దున తెల్లగా పూసి, సాయంత్రానికి తాగినట్టు ఎర్రబడుతుంది కదా. ఇంట్లో నమూనా ఉంది, వెతుక్కోనక్కర్లేదు."

కోహాన్‌కు కోపం రాలేదు. హాస్యం అంటే ఆయనకు ఇష్టం, అంతవరకు మంచివాడే.

ఆ రెండు పలకల తెరకు ఆమెకు రెండు చలికాలాలు పట్టాయి. పగలు కోహాన్ పేరు మీద పోయే తెరల పని. అది ముగిశాక, మిగిలిపోయిన రంగుల అడుగులు గీకి, చిరిగిన బంగారు రేకు ముక్కలు ఏరి, తన పని. ఒక పలక మీద పొద్దుటి తెల్ల మందారాలు, ఇంకో పలక మీద సాయంత్రపు ఎర్ర మందారాలు. వాటి కింద ఎండుగడ్డిలో కౌజులు. నేలని నమ్ముకుని బతికే ఆ పిట్టలు ఎగరడానికి రెక్కలున్నా పరిగెత్తడానికే చూస్తాయి. ఆడపిట్ట ఒకటి మెడ సాగదీసి తెరలోంచి నేరుగా చూసేవాళ్ళ కళ్ళలోకి చూస్తూ ఉంటుంది. అంతకు ముందు ఏ పక్షినీ ఆమె అలా చూడనివ్వలేదు. పూర్తయ్యాక ఎడమ పలక కింద మూల సన్నని కుంచెతో 'కిసా వేసింది' అని రాసింది. రాసి, ఎవరైనా చూశారేమోనని గుమ్మం వైపు చూసింది. సొంత పేరు రాసుకుని దొంగలా చూడవలసిన గతి ఇంకెవరికీ రాకూడదు.

కోహాన్ ఆ పేరు చూశాడు. చెప్పులు వేసుకుని సాకే కొట్టుకు వెళ్ళాడు. వేరే పేరున్న తెర మీద ముద్ర వెయ్యడు, పెళ్ళాం పేరున్న తెరను వీధిలో పెట్టడు. తెర పెట్టెలోకి వెళ్ళింది. పండగలు వచ్చి వెళ్ళాయి, పెట్టె తెరుచుకోలేదు.

ఒక వసంతంలో కోహాన్ మంచాన పడ్డాడు. పొట్ట ఉబ్బి, కళ్ళు పచ్చబడి, లేవలేకపోయాడు. కిసా గంజిలో ఊరగాయ రేగుపండు నలిపి పట్టేది. ఇంట్లో ఉన్న తెరలన్నీ ఒకటొకటిగా మందులకు పోయాయి. ఎవరూ అడగనిది కౌజుల తెర ఒక్కటే మిగిలింది. ఒకరోజు గంజి తాగుతూ తాగుతూ కోహాన్ అన్నాడు.

"ఈ పండక్కి నీ కౌజుల్ని పెట్టవే."

ఆమె చెంచా పట్టుకున్న చెయ్యి ఆగింది. "పెట్టడానికి ఇంకేం లేవు కాబట్టా?"

"అది కూడా అనుకో. అది కాదు గానీ... నేనే గుమ్మంలో కూర్చుంటా. వచ్చినవాళ్ళందరికీ చెప్తా, ఇది మా ఆవిడ వేసిందని. ఎదురింటి సారసాలు కూడా ఈవిడవేనని చెప్తా. చచ్చేవాడికి పరువేమిటి?"

"చావు మాటలొద్దు."

"సరే, బతికే చెప్తా."

ఆ మాటకు కిసా వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఇన్నేళ్ళ మంట ఒక్కసారిగా చల్లారిపోయింది. ఆయన్ని క్షమించేసింది కూడా. మనిషి మనసు ఎంత చవకదో చూడండి, చెయ్యని పనికి కూడా ముందే క్షమాపణ ఇచ్చేస్తుంది.

పండగ దగ్గర పడింది. కిసా వీధిగది చాపలు తుడిచింది. జాడీలో పెట్టడానికి మచ్చల నారింజ పూలు తెచ్చింది. తెరను పెట్టెలోంచి తీసి వీధిగదిలో నిలబెట్టి, ఎంత మేరకు మడిస్తే ఆడపిట్ట చూపు వీధిలో నడిచేవాళ్ళకు తగులుతుందో అటూ ఇటూ నడిచి చూసుకుంది. ఎదురింటి గుమ్మంలోంచి రికు చూస్తూనే ఉంది.

"కౌజులా? ఎంత ముచ్చటగా ఉన్నాయో! చిన్నపిల్లలకి భలే నచ్చుతాయి" అంది రికు. పెద్దవాళ్ళకు నచ్చవని దాని అర్థం. కిసా అర్థమైనా నవ్వింది. ఆ రోజు ఆమెను నొప్పించడం ఎవరి తరమూ కాదు.

మరునాడు జాలీలు తీస్తారనగా ఉదయం, రథం మీద గంటలు సాధన చేసేవాళ్ళ చప్పుడు వినిపిస్తూ ఉండగా, కోహాన్ ప్రాణం పోయింది.

చుట్టాలంటూ ఎవరూ లేకపోవడంతో అన్నీ రికు చేతిలోకి వెళ్ళాయి. చావింట్లో అన్నీ తిరగేసే చెయ్యాలి. చన్నీళ్ళలో వేణ్ణీళ్ళు కలపాలి. కిమోనో అంచులు రోజూ వేసుకునేదానికి వ్యతిరేకంగా మడవాలి. తల ఉత్తరానికి పెట్టాలి. తల పక్కన మడత తెరను తలకిందులుగా నిలబెట్టాలి. చావు దారి తప్పి మళ్ళీ బతికున్నవాళ్ళ వైపు రాకుండా ఉండాలంటే బతికున్నప్పుడు చేసిందానికి అన్నీ ఎదురే ఉండాలి మరి. రికు ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి చేయిస్తూ, "తెర ఏదమ్మా?" అని అడిగింది.

రికు తల తిప్పి వీధిగది వైపు చూసింది.

"అది వద్దు అమ్మగారూ" అంది కిసా.

"ఎందుకొద్దు?"

"రేపు పండక్కని సిద్ధం చేసుకున్నది."

"చావింటికి పండగేమిటి తల్లీ? నీ గుమ్మానికి తలుపులు మూయాలి."

"అయితే వచ్చే ఏడు పెట్టుకుంటాను. మీ ఇంట్లో పెట్టెల నిండా తెరలున్నాయి. ఏదైనా పాతది, చిన్నది, ఒకటి ఇప్పించండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

రికు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. గొంతు మెత్తగానే ఉంది. "మావి రేపు దేవుడి పండక్కి నిలబడాల్సినవమ్మా. శవం దగ్గర ఒకసారి నిలబడ్డ తెర మళ్ళీ పండగ మొహం చూడకూడదు. నీకు తెలియనిదా?"

తెలుసు. తెలిసే కాళ్ళు పట్టుకుంటానంది. చుట్టూ వీధి ఆడవాళ్ళు చూస్తున్నారు. మొగుడి తల దగ్గర తెర పెట్టడానికి ఏడుస్తోందేమిటి అన్నట్టు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ఇంట్లో తెర ఉంచుకుని మొగుణ్ణి బోసి తలగడ మీద పంపే ఆడది ఆ వీధిలో బతకలేదు. హిషియా గుమాస్తా రెండు చేతులతో తెర ఎత్తబోయాడు. కిసా అతన్ని ఆపి తనే ఎత్తింది, తనే తిరగేసింది.

రెండు చలికాలాల పని తలకిందులైంది. మందారాలు నేలకు ఆనుకున్నాయి. నేల వదలని కౌజుపిట్టలు కాళ్ళు కట్టి వేలాడదీసినట్టు పైనుంచి వేలాడాయి, మాంసం కొట్లో వేలాడేటట్టు. ఆడపిట్ట కళ్ళు మాత్రం ఇంకా చూసేవాళ్ళవైపే ఉన్నాయి. కిసాకు కోహాన్ మీద జాలి పోయి కోపం వచ్చింది. ఇంకో మూడు రోజులు ఆగలేకపోయావా అని శవాన్ని అడగాలనిపించింది.

సాయంత్రం జాగారానికి ఊరంతా వచ్చింది. నడికట్ల వ్యాపారులు, పెళ్ళి తెరలు కొనుక్కున్న ఇళ్ళవాళ్ళు, చిత్రకారులు. సన్యాసి మంత్రాలు చదివాడు. ఒక్కొక్కరే వచ్చి అగరుపొడి చిటికెడు నిప్పులో వేసి, నమస్కరించి, తల ఎత్తేసరికి ఎదురుగా తెర. వీధిగదిలో చూడాల్సిన జనం అంతా ఆ తెరను చూశారు. ఒక్కరూ తప్పలేదు.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. ఆ రోజు కోహాన్ చేతులు కూడా చారెడయ్యాయి. ఆయనతో కలిసి చదువుకున్న తోగెత్సు అనే ముసలి చిత్రకారుడు తెర దగ్గరకు జరిగి, తల వంచి, వంకరగా చాలాసేపు చూశాడు.

"ఇది ఎప్పుడు వేశాడు? నేను చూడనే లేదే! తిరగేసి పెట్టినా చెయ్యి తెలిసిపోతోంది. సారసాలకంటే కూడా ఇదే గొప్పది" అన్నాడు. అంటూ పైకి చూశాడు. తెర తిరగబడటంతో కింద మూల ఉండాల్సిన పేరు ఇప్పుడు నిలబడ్డ మనిషి కళ్ళ ఎత్తున ఉంది. "ఇదేమిటి? 'కిసా వేసింది' అని ఉందే?"

కిసా శవం పక్కన కూర్చుని ఉంది. పద్ధతి ప్రకారం ఆమె తల వంచుకుని ఉండాలి.

"నేనే వేశాను" అంది తల ఎత్తి.

అందరూ ఇంకా ఆ పేరు వైపే చూస్తున్నారు. వీళ్ళకు సరిగ్గా వినపడలేదేమో అనుకుంది.

"ఇది నేనే వేశాను. ఎదురింటి సారసాలు కూడా నేనే వేశాను. మీ ఇంట్లో నెమళ్ళు, మీ ఇంట్లో బాతులు, అన్నీ. పన్నెండేళ్ళుగా ఈ ఇంట్లో ఈయన ముద్ర తప్ప ఇంకేం వెయ్యలేదు. ఈ పండక్కి ఈయనే చెప్తానన్నాడు. గుమ్మంలో కూర్చుని చెప్తానన్నాడు."

తోగెత్సు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆయన మనసు ఆమె చెప్పిన మాట మీద లేదు.

"పాపం" అన్నాడు పక్కనున్నతనితో. "మతి చలించింది. మా చెల్లెలూ అంతే, మొగుడు పోయిన రోజు ఏమేమో మాట్లాడింది."

"ఇన్ని నెలలు నిద్రలేకుండా సేవ చేసింది కదండీ" అంది ఇంకొకావిడ.

వాళ్ళ గొంతుల్లో నిజమైన దయ ఉంది. ఎగతాళి చేసి ఉంటే కిసా తిట్టగలిగేది. దయకు ఏం జవాబు చెప్పాలో ఆమెకు తెలియలేదు. ఇంతలో రికు వచ్చి, "రామ్మా, కాస్త మంచినీళ్ళు తాగుదువుగాని" అని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు జరిపింది.

"అమ్మగారూ, నాకు మతి పోలేదు" అంది కిసా.

"నాకు తెలుసు."

"నిజంగా నేనే..."

"అదీ తెలుసు" అంది రికు. నీళ్ళు ముంచి ఆమె చేతికి ఇచ్చింది. "సారసాల పని జరుగుతున్నప్పుడు నీ నడుము విరిగింది, ఆయన నడుము విరగలేదు. ఎదురింట్లో ఉంటున్నాను, నాకు కళ్ళు లేవా? నీ చెయ్యి కాబట్టే మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాను."

ఒక్కరికి తెలుసు. ఇన్నేళ్ళూ ఒక్కరికి తెలుసు. క్షణంపాటు ఆమెకు గుండె నిండినట్టయింది.

"అయితే చెప్పండి, వాళ్ళకి మీరు చెప్పండి. మీరు చెప్తే నమ్ముతారు."

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా. నువ్వు వేసినదైతే నా వీధిగదిలో ఉన్నది లాంతర్ల వాడి కూతురు వేసిన కొంగలవుతుంది. నా మనవరాలి పెళ్ళికి కోహాన్ సారసాలు పెట్టామని ఊరంతా చెప్పుకున్నాం. బయట కూర్చున్నవాళ్ళ ఇళ్ళలోనూ అంతే. ఒక్కరూ నమ్మరు. నమ్మితే వాళ్ళకే నష్టం." రికు ఆమె కిమోనో మెడ సర్ది, జుట్టు సవరించింది. తల్లిలాగే చేసింది. "వెళ్ళి కూర్చో. నేను చూసుకుంటాను."

రికు చూసుకుంది. గదిలోకి వచ్చి, అందరికీ వినిపించేలా, గొంతు తగ్గించి చెప్పింది.

"కోహాన్ గారు వేసిన చివరి తెర ఇది. మంచం పట్టాక ముద్ర వేసే ఓపిక లేక, ఇన్నాళ్ళు జిగురు కాచి పెట్టిన భార్య పేరు దాని మీద రాయించారట. చేతికి చెయ్యిగా బతికిన దంపతులు. అందుకే ఈవిడకి ఆయన చేసినదంతా తను చేసినట్టే ఉంటుంది. ఇలాంటి భార్య ఎందరికి దొరుకుతుంది?"

ఆడవాళ్ళు చేతిరుమాళ్ళతో కళ్ళు ఒత్తుకున్నారు. తోగెత్సు గట్టిగానే ఏడ్చాడు. "అదృష్టవంతుడు" అన్నాడు. వచ్చినవాళ్ళందరూ కిసా వైపు తిరిగి, చాప మీద చేతులు ఆనించి, తలలు వంచారు. జవాబుగా ఆమె కూడా వంగాలి. వంగింది. నుదురు చాపకు ఆనించి ఎంతసేపటికీ లేవలేదు. లేస్తే ఆ మొహాల మీదకి ఉమ్మేస్తానేమోనని భయపడింది. వాళ్ళు అది దుఃఖం అనుకున్నారు.

మర్నాడు దహనం అయింది. చాప్‌స్టిక్స్‌తో ఎముకలు ఏరి కుండలో వేసుకుని ఆమె ఇంటికి వచ్చేసరికి వీధి నిండా దీపాలు. తన గుమ్మం ఒక్కటే మూసి ఉంది. లోపల కూర్చుంటే ఎదురింటి ముందు జనం మాటలు వినిపించాయి. కోహాన్ పోయాడట, ఇక ఇలాంటి సారసాలు రావు అంటున్నారు.

నలభై తొమ్మిదో రోజు కర్మ అయ్యాక రికు బీన్స్ మిఠాయి పట్టుకుని వచ్చింది. కోహాన్ ఎముకల కుండకు దండం పెట్టుకుని, ఎండల గురించి మాట్లాడి, మెల్లగా అసలు సంగతికి వచ్చింది.

"ఒసాకా వాళ్ళు అడుగుతున్నారమ్మా. కోహాన్ సగంలో వదిలేసిన తెరలు ఏమైనా ఉన్నాయా అని. పోయినవాళ్ళవంటే ఇప్పుడు గిరాకీ. ముద్ర నీ దగ్గరే ఉందిగా."

"ఆయన సగంలో వదిలేసినవి చాలా ఉన్నాయి అమ్మగారూ" అంది కిసా టీ పోస్తూ. "తెరలు మాత్రం లేవు."

"నీ చెయ్యి ఉంది కదా."

"అది కోహాన్ గారి చెయ్యి అని నలుగురిలో మీరే చెప్పారు. ఆ చెయ్యి కాలిపోయింది. వేళ్ళ ఎముకలు నేనే ఏరాను, చాలా చిన్నగా ఉన్నాయి."

రికు టీ గిన్నె కింద పెట్టింది. "పంతానికి పోతే తిండెక్కడినుంచి వస్తుందే?"

"విసనకర్రల కొట్లో కాగితాలు మడవడానికి మనిషి కావాలట. ఆ పనికి పేరు అడగరు."

రికు ఇంకోసారి వచ్చింది, తోగెత్సు చేత చెప్పించింది. కిసా వాళ్ళకు టీ ఇచ్చింది, వంగి నమస్కరించింది, అంతే. ముద్ర కట్టెల పొయ్యిలో పడేసిన సంగతి వాళ్ళకు చెప్పలేదు. కౌజుల తెరను వీధివాళ్ళు ఇంకో పండక్కి పెట్టనివ్వలేదు, కొనడానికి ఎవరూ రాలేదు. చావు దగ్గర నిలబడ్డదాన్ని ఎవరు కొంటారు? చలికాలంలో వంటింట్లోకి గాలి రాకుండా అడ్డం పెట్టుకుంది. పొగకు మందారాలు నల్లబడ్డాయి, తర్వాత కౌజులు కనపడటం మానేశాయి.

ఆమె ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది, మళ్ళీ కుంచె పట్టలేదు. వెయ్యాలని లేక కాదు. చలి మొదలవగానే కుడిచేతి వేళ్ళు లాగేవి, కాగితాలు మడుస్తూ మడుస్తూ గోటితో ఈకలు గీసి చెరిపేసేది. వేస్తే అది కోహాన్‌ది అవుతుంది, అందుకని వెయ్యలేదు. కోపంతోనే వెయ్యలేదు. ఇది నాది అని చెప్పుకోవడానికి ఆమెకు ఆ కోపం ఒక్కటే మిగిలింది.